ఐసు మర తిరిగేదాకా

కరెంటు పోయింది. ముందు ఫ్యాను ఆగింది, తర్వాత గోడ అవతల ఐసు ఫ్యాక్టరీ ఆగింది, ఆ రెండూ ఆగాక ఇంతసేపూ ఈ గదిలో ఇంత చప్పుడు ఉందా అని ఫిల్ములు కడిగే కృపమ్మ ఆశ్చర్యపోయింది. భాద్రపదం ఉక్క. సముద్రాన్ని అంత దగ్గర పెట్టుకుని కూడా బందరులో ఈ నెలలో ఆకు కదలదు. ఎక్స్‌రే బల్ల మీద, రోగి రొమ్ము ఉండే చోట, అరచేతిలో పట్టేంత మీటరు ఒకటి వెల్లకిలా పడుకుని ఉంది. ఊళ్ళో ఎక్స్‌రే మిషన్లన్నీ పరీక్ష చేయించాలని పైనుంచి ఉత్తర్వు వచ్చిందట, అందుకని విజయవాడ నుంచి హర్ష అనే ఇంజనీరు వచ్చాడు. మీటరు మీదకి మిషను తిప్పి ఒక్కసారి నొక్కాడో లేదో, అంకె ఒకటి వచ్చిందో లేదో, కరెంటు కాస్తా పోయింది. ఒక్క అంకెతో ఏమీ తేలదన్నాడు. ఒకే సెట్టింగు మీద మళ్ళీ మళ్ళీ తీస్తే మళ్ళీ మళ్ళీ అంతే రావాలట, అప్పుడే మిషను నిలకడగా ఉన్నట్టట. ఎక్స్‌రే తీసే పిల్ల నాజ్నీన్ కరెంటాఫీసుకి ఫోను చేసి వచ్చి, లైను మీద పని జరుగుతోందట, గంట పడుతుందట అని చెప్పింది. ఆసుపత్రి జనరేటరు ఆపరేషను గదికే చాలదు, ఇక దీనికెక్కడ. ఇంజనీరు వరండాలోకి వెళ్ళాడు, ఆ పిల్ల టీ చెప్పడానికి వెళ్ళింది, కృపమ్మ మాత్రం గోడ పక్కన స్టూలు మీద కూర్చుండిపోయింది. ఆమెకి లేవాలనిపించలేదు. కరెంటు పోవడానికి ముందు ఆ ఇంజనీరు అబ్బాయి అన్న మాట ఒకటి ఆమె దగ్గరే ఉండిపోయింది.

అన్నది నవ్వుతూనే. అందులో ఏ దురుద్దేశమూ లేదు. ఈ మీటర్లు రాకముందు మిషను బాగుందో లేదో ఎలా చూసేవారండీ అని అడిగితే, నాజ్నీన్ బీరువా అడుగు నుంచి అల్యూమినియం మెట్ల దిమ్మ తీసి చూపించింది. ఒక కొసన రేకంత పల్చగా, రెండో కొసన ఇటుకంత మందంగా, మధ్యలో మెట్లు మెట్లుగా ఉంటుంది. దాన్ని ఫిల్ము మీద పెట్టి తీస్తే నలుపు నుంచి తెలుపు దాకా చారలు చారలుగా పట్టీ పడుతుంది, ఈ నెల పట్టీ పోయిన నెల పట్టీలాగే ఉంటే మిషను బాగున్నట్టు. రాజారత్నం డాక్టరు గారున్నప్పుడు నెల నెలా తీసేవారటండి అని ఆ పిల్ల చెప్పింది. అప్పుడు ఆ అబ్బాయి, డార్క్‌రూము తలుపు దగ్గర చేతులు తుడుచుకుంటూ నిలబడ్డ కృపమ్మ వైపు తిరిగాడు.

“మీరేనా అమ్మా ఫిల్ములు కడిగేవారు? గడియారం చూసి తీసేవారా, కంటితో చూసి తీసేవారా?”

“చూసే బాబూ. పాత పట్టీ పక్కన పెట్టుకుని, దానికి సరిపోయేదాకా మందులో ఉంచి తీసేదాన్ని.”

“అయితే అది మిషను పరీక్ష కాదమ్మా, మీ కంటి పరీక్ష. మిషను ఎంత ఊగిసలాడినా మీ పట్టీ మాత్రం ఒకేలా ఉంటుంది.”

ఒకేలా ఉంటుంది. ఉండేది. ఎంత బాగా ఉండేదో. ఎర్రదీపం కింద డెవలపరు తొట్టిలో పట్టీని అటూ ఇటూ ఊపుతుంటే ముందు అంచు నల్లబడేది, తర్వాత ఒక్కొక్క చారే నెమ్మదిగా తేలేది, గోడకి మేకుకి వేలాడే పాత పట్టీ వంక ఓ చూపు, చేతిలో దాని వంక ఓ చూపు, ఇంకా కాదు, ఇంకా కాదు, ఇదిగో ఇప్పుడు, అని చటుక్కున తీసి నీళ్ళలో ముంచి బొమ్మని నిలిపే హైపో మందులో పడేసేది. ఆ క్షణం పట్టుకోవడం అందరికీ చేతకాదు. గుడివాడలో పెళ్ళికి ముందు ఆమెకి ఈ పని నేర్పిన వీరమ్మగారు నలుగురిని పెట్టుకుని ముగ్గురిని పంపించేసి కృపమ్మ ఒక్కదాన్నే ఉంచుకుంది. రోగిని రెండోసారి బల్ల ఎక్కించకూడదే అనేది వీరమ్మగారు, తెల్లగా వస్తుంటే ఇంకాసేపు ఉంచు, నల్లబడిపోతుంటే గబుక్కున తీసెయ్యి, చీకటి గదిలోంచి చెడ్డ ఫిల్ము బయటికి రాకూడదు. ఆ మాట బైబిలు వాక్యంలా పట్టుకుంది కృపమ్మ. గడియారం ఒకటి డార్క్‌రూములో ఉండాలన్నది ఆమెకీ తెలుసు, ఒకటి ఉండేది కూడా, ఉప్పుగాలికి ముళ్ళు తుప్పు పట్టి ఎప్పుడో నిలిచిపోయింది, బాగుచేయించమని ఎవరూ అడగలేదు. కళ్ళున్న మనిషికి గడియారం ఎందుకు? ఆమె గోళ్ళు చూసుకుంది. మందుకి గోధుమ రంగు తిరిగి చాలా ఏళ్ళయింది. నువ్వు చారు పెట్టినా హైపో వాసనే వస్తుంది కృపా అని సామ్యేలు ఏడిపించేవాడు, ఏడిపిస్తూనే రెండోసారి పోయించుకునేవాడు.

సామ్యేలు. ఈ గదిలో ఆ పేరు ఇప్పుడు ఎవరూ అనరు. ఈ మిషను దగ్గర పాతికేళ్ళకి పైగా నిలబడ్డ మనిషి, నాగాయలంక మనిషి, మాట నిదానం, అడుగు నిదానం. గాలి పీల్చండి, ఆపండి, ఆఁ, వదలండి. ఆ “ఆఁ” దగ్గర ఒక చిన్న విరుపు ఉండేది, భయపడే ముసలమ్మలు కూడా ఆ విరుపుకి ధైర్యం తెచ్చుకునేవారు. ఆయన ఇక్కడ తీయడం, ఫిల్ము ఉన్న కేసెట్టు గోడలో ఉన్న చిన్న తలుపులోంచి ఆమెకి అందించడం, ఆమె అటువైపు చీకట్లో అందుకోవడం. ఇద్దరూ ఒకే పనిలో ఉన్నారన్న మాటే గాని పగలంతా ఒకరికొకరు కనిపించేవారు కాదు. చిన్న తలుపు మీద వేలితో కొట్టే చప్పుడే మాట. ఒకసారి కొడితే మామూలు ఫిల్ము, రెండుసార్లు కొడితే తొందర. అప్పుడప్పుడూ ఏ ఫిల్మూ లేకుండా ఊరికే కొట్టేవాడు, ఆమె చీకట్లో నవ్వుకునేది. పిల్లలు పుట్టలేదన్న దిగులు కూడా ఆ తలుపు దగ్గర వాళ్ళకి గుర్తొచ్చేది కాదు.

అంతా బాగున్న రోజుల్లోనే గోడ అవతల ఐసు ఫ్యాక్టరీ వచ్చింది. గిలకలదిండి రేవు పడవలకి ఐసు కావాలి, రొయ్యలకి కావాలి, మంచిదే, ఊరికి నాలుగు పనులు వచ్చాయి. దాని మోటారు రోజంతా సన్నగా హోరు పెడుతూనే ఉండేది, దానితో ఏ గొడవా లేదు. పడవలు వచ్చే వేళకి మాత్రం ఐసు దిమ్మల్ని పొడి కొట్టే మర ఒకటి వేసేవారు, అది గరగరలాడుతూ మొదలైతే ఆసుపత్రి గోడ వణికేది. ఆ తర్వాతే ఫిల్ములు పాడవడం మొదలైంది. ఒకటి నిగనిగలాడుతూ వచ్చేది, దాని వెనకది పల్చగా, ప్రాణం లేనట్టు వచ్చేది. ఆమె ఉంచేది, ఇంకాసేపు ఉంచేది, చారెడు నలుపు తేలినా బొగ్గు నలుపు కాదు, బూడిద. ఊపిరితిత్తి ఉంటుంది గాని అందులో గీతలుండవు. మనిషి రొమ్ముకి పక్కన పెట్టి పోల్చుకోవడానికి పాత రొమ్ము ఫిల్ము ఉండదు కదా, ఎప్పటిదాకా ఉంచాలో తెలియదు. రాజారత్నం డాక్టరు గారు మంచాయన, కేకలు వేసే మనిషి కాదు, ఫిల్ము వెలుగుకి పెట్టి చూసి పెదవి విరిచి పక్కన పెట్టేవారు. మళ్ళీ తీయమనేవారు. మళ్ళీ తీస్తే ఒక్కోసారి బాగుండేది, ఒక్కోసారి ఉండేది కాదు. అప్పుడే ఆయన ఎక్కడో చదివి ఈ మెట్ల దిమ్మ తెప్పించారు. నెల నెలా ఇది తీద్దాం సామ్యేలూ, తప్పు ఎక్కడుందో దీంతో తెలిసిపోతుంది అన్నారు. చిన్న తలుపు కొంచెం తెరిచి ఉంది, ఆ మాట కృపమ్మకి వినపడింది. ఆమెకి వినపడింది ఒకటే. సామ్యేలుకి పరీక్ష పెడుతున్నారు అని.

అదీ జరిగింది. ఇంత చిన్న సంగతి. ఆ పరీక్ష మిషనుకని ఆమెకి ఎవరూ చెప్పలేదు, చెప్పినా ఎక్కేది కాదేమో, ఎందుకంటే ఆ రోజుల్లో సామ్యేలు చెయ్యి కొంచెం వణికేది. షుగరు వచ్చిన కొత్త. మీట నొక్కడానికి వణుకుతో పనేముంది, నొక్కితే చాలు, కానీ చూసేవాళ్ళు చేతినే చూస్తారు. ఆమె భయపడింది. మొదటి నెల పట్టీ బాగా వచ్చింది. రెండో నెల పట్టీ మందులో వేస్తే ఎంతకీ చారలు లేవలేదు, బయట మర గరగరలాడుతోంది, ఆమె చెవులు దాన్ని పట్టించుకోలేదు, కళ్ళు మాత్రం పాత పట్టీ మీద పెట్టి, దేవా, దేవా అనుకుంటూ ఆ పట్టీని మందులో ఊపుతూ కూర్చుంది. సరిపోయింది. చివరికి సరిపోయింది. చేత్తో తుడిచి బయటికి తెచ్చి ఇస్తే డాక్టరు గారు రెండూ పక్కపక్కన లైటు పెట్టె మీద పెట్టి, భేష్ అన్నారు. ఆ రాత్రి ఆమె సంతోషంగా చేపల పులుసు పెట్టింది. ప్రతి నెలా అంతే. ప్రతి నెలా ఆమె మొగుణ్ణి చీకట్లో కూర్చుని కాపాడుకుంది.

“ఆంటీ, టీ.” నాజ్నీన్ గ్లాసు చేతిలో పెట్టింది. ఒంట్లో బాగోలేదా, మొహం అలా ఉందేంటి అని అడిగింది. ఉక్కమ్మా అంది కృపమ్మ. ఆ పిల్ల చున్నీతో విసురుకుంటూ బల్ల అంచున కూర్చుని, మిషను పాసవుతుందంటారా అని అడిగి, ఇంజనీరుకి టీ ఇవ్వడానికి వరండాలోకి వెళ్ళిపోయింది. మంచి పిల్ల. ఆమె తీసినా ఫిల్ములు అప్పుడప్పుడూ పల్చగానే వస్తాయి. కరెంటు ఆంటీ ఇది అని నవ్వేస్తుంది, కొత్త డాక్టరు కూడా ఆఁ కరెంటే అంటాడు, అక్కడితో అయిపోతుంది. వయసులో ఉన్నవాళ్ళకైతే తప్పు కరెంటుది. తల నెరిసినవాడికైతే తప్పు చేతిది. టీ చేదుగా ఉంది, పంచదార లేదో, ఆమె నోరే అలా ఉందో.

సామ్యేలు కూడా కరెంటే అన్నాడు. పక్కన ఐసు మర తిరిగేటప్పుడు మన మిషను నీరసపడుతోందండీ అని డాక్టరు గారికి చెప్పాడు. ఆమె విన్నది. డాక్టరు గారు కోప్పడలేదు. స్టెబిలైజరు ఉంది కదయ్యా అన్నారు, అని, ఆ ఏడాది పట్టీలన్నీ తెచ్చి లైటు పెట్టె మీద వరసగా పేర్చారు. ఒక్క తల్లి పిల్లల్లా ఉన్నాయి. ఏ నెలది ఏదో చెప్పడానికి లేదు. చూడు సామ్యేలూ, మిషను నిలకడగానే ఉంది, మనుషులం మనమే పెద్దవాళ్ళమవుతాం, ఇందులో సిగ్గుపడేదేముంది అన్నారు. ఎంత మెత్తగా అన్నారు. పక్క నెల నుంచి సామ్యేలుని బయట చీట్లు రాసే కిటికీ దగ్గర కూర్చోబెట్టారు. జీతం తగ్గించలేదు, మర్యాద తగ్గించలేదు, కుర్చీకి దిండు కూడా వేయించారు. ఆ రోజు ఆయన ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని అన్నం ముందు కూర్చుని అన్నం కలపలేదు. పట్టీలు అంత బాగా వచ్చాయి కదండీ, ఇంకేంటి అంది ఆమె. ఆమె గొంతులో గర్వం కూడా ఉంది, అది ఇప్పుడు ఈ స్టూలు మీద కూర్చుంటే ఆమెకి వినపడుతోంది.

“అదే కృపా. అవి బాగున్నాయి. అందుకే తప్పు నాది.”

అప్పుడు కూడా అర్థం కాలేదు. మొద్దు మనిషి. పట్టీ బాగుంటే మిషను బాగున్నట్టు, మిషను బాగుంటే ఫిల్ము పాడుచేసినవాడు చెడ్డవాడు. రెండు మెట్లు. మెట్ల దిమ్మని అన్నేళ్ళు చేత్తో పట్టుకుంది గాని ఈ రెండు మెట్లు ఎక్కలేకపోయింది. ఎవరు చెప్తారు? ఎవరికీ తోచలేదు. ఫిల్ము కంటితో చూసి కడగడం ఈ జిల్లా అంతా చేసేదే, దాన్ని ఎవరూ ఒక పనిగా కూడా అనుకోరు.

గాలి పీల్చండి. ఆపండి. మూడేళ్ళ కింద ఇదే బల్ల ముందు ఆయన చొక్కా విప్పుకుని నిలబడ్డాడు, మెట్లెక్కితే ఆయాసం వస్తోందని. గడ్డం ఆనించమని నాజ్నీన్ చెబుతుంటే, నాకు తెలుసులేమ్మా అని నవ్వాడు. సముద్రంలో వేట ఆపేసిన రోజులు, పడవలు కదలవు, పక్కన మర తిరగదు, ఆ ఫిల్ము ఎంత బాగా వచ్చిందని. ఎర్రదీపం కింద ఆయన గుండె తేలడం ఆమె చూసింది. ముందు పక్కటెముకలు, తర్వాత మధ్యలో తెల్లగా గుండె, పెద్దది, ఉండాల్సిన దానికంటే చాలా పెద్దది, ఇటు నుంచి అటు పరుచుకుని ఉంది. ఎన్ని రొమ్ములు చూసింది, డాక్టరు చెప్పక్కర్లేదు. ఆ రోజు ఆమె చేతులు పని మానలేదు. చీకట్లో ఏడ్చి, ముక్కు తుడుచుకుని, ఫిల్ము కడిగి, ఆరబెట్టి తెచ్చి ఇచ్చింది. ఆయన కిటికీ వెలుగుకి పట్టుకుని చాలాసేపు చూశాడు, తన గుండె తాను. మంచి ఫిల్మే అన్నాడు. తర్వాత ఆమె వంక చూసి, నీ చెయ్యి మంచిదే కృపా అన్నాడు. నాదే మంచిది కాదు అని మిగతా సగం మనసులో అనుకున్నాడనుకుంది ఆమె. అలాగే అనుకుంటూ పోయాడని ఇన్నాళ్ళూ నమ్మింది. చివరి రోజుల్లో మంచం మీద దిండ్లకి ఆనుకుని ఊపిరి పీల్చి ఆపి ఉంచేవాడు, ఆమె పక్కన కూర్చుని వదలండి, వదలండి అనేది. చివరి ఊపిరి వదిలాక ఆమె చాలాసేపు మళ్ళీ పీలుస్తాడని చూసింది. పీల్చలేదు.

ఉక్క పెరిగింది. మీటరు బల్ల మీద అలాగే ఉంది. దాని మొహం మీద ఏ అంకే లేదు. వరండాలో ఆ అబ్బాయి సెల్‌ఫోనులో ఎవరితోనో సాయంత్రం బస్సు గురించి మాట్లాడుతున్నాడు. పామర్రు మీదుగా వెళ్ళే బస్సుల గురించి. పామర్రు అన్న మాట చెవిన పడగానే కృపమ్మ గ్లాసు కింద పెట్టేసింది.

పామర్రు సెంటరు. ఆయన్ని చీట్ల కిటికీ దగ్గరికి మార్చిన కొత్తలో, గుడివాడలో ఆమె మేనత్త కూతురి పెళ్ళికి వెళ్తూ బస్సు మారడానికి దిగారు. ఎండ. ఆయన కీరకాయలు కొన్నాడు, ఉప్పూ కారం అద్దించి కాగితంలో పెట్టి ఇచ్చాడు. గుడివాడ బస్సులో కిటికీ పక్క ఆమెని కూర్చోబెట్టి, రెండు పక్కలా కోత కోసిన చేలు పోతుంటే తాను వేళ్ళు ముడుస్తూ కూర్చున్నాడు. ఏదో లెక్క వేసుకుంటున్నట్టున్నాడు. ఉన్నట్టుండి అడిగాడు.

“పట్టీ కడిగేటప్పుడు నువ్వు పాతది చూస్తావా?”

“చూడకపోతే ఎలా అండీ? మేకుకి తగిలించుకుని దాని పక్కనే పెట్టి కడుగుతాను. మీ పట్టీ ఒక్కటి తేడా రానిచ్చానా?”

ఆయన తల తిప్పి ఆమె మొహంలోకి చూశాడు. ఆ చూపు ఇన్నేళ్ళు ఎక్కడ దాక్కుందో. అందులో కోపం లేదు. ఏదో పెద్ద బరువు కింద దింపి, మళ్ళీ దాన్నే ఎత్తుకునే మనిషి చూసే చూపు అది. మంచిదే అన్నాడు. అని, భుజం మీద తువ్వాలు తీసి ఆమె మొహం మీద పడుతున్న ఎండకి కిటికీకి అడ్డంగా కట్టాడు. పెళ్ళిలో అందరితో నవ్వుతూనే ఉన్నాడు. ఆయన ఎండకి కట్టాడనుకుంది ఆ తువ్వాలు.

తెలుసు. ఆయనకి తెలుసు. ఆ బస్సులో తెలిసిపోయింది. రాజారత్నం గారు అప్పటికి ఇంకా ఇక్కడే ఉన్నారు, మర్నాడు వెళ్ళి ఒక్క మాట చెప్తే చాలు, అయ్యా పట్టీలు మా ఆవిడ సరిచేసి ఇస్తోంది, గడియారం పెట్టి కడిగించండి అని. చెప్పలేదు. చెప్తే తన కుర్చీ తనకి వచ్చేది, ఈమె చీకటి గది ఈమెకి పోయేది. చెప్తే ఈమెకి తెలిసేది, తానే మొగుణ్ణి పడగొట్టానని. అందుకని వేలు చూపించే జనం ముందు, చెయ్యి పోయిన సామ్యేలుగా, దిండు వేసిన కుర్చీలో, చీట్లు రాస్తూ ఉండిపోయాడు. నీ చెయ్యి మంచిదే కృపా. ఆ మాటకి రెండో సగమే లేదు. ఆమె ఊరికే కల్పించుకుంది. కృపమ్మకి ఏడుపు రాలేదు. ఒక్కసారి చెప్పకూడదా అండీ, ఒక్కసారి నా మీద కోప్పడకూడదా అనుకుంది. పోయిన మనిషి మీద ఆమెకి కోపం వచ్చింది. ఆ కోపం అలాగే దుఃఖంగా మారింది.

ఫ్యాను తిరిగింది. గోడ అవతల సన్నటి హోరు మళ్ళీ మొదలైంది. నాజ్నీన్, హర్ష లోపలికి వచ్చారు, సీసం అడ్డు వెనక్కి ముగ్గురూ చేరారు. ఆ అబ్బాయి నొక్కాడు, మిషను కాస్త చల్లారనిచ్చి మళ్ళీ నొక్కాడు, మళ్ళీ. అంకెలు చదువుతుంటే కృపమ్మకి లెక్క తెలియకపోయినా అవన్నీ ఇంచుమించు ఒకటేనని తెలుస్తూనే ఉంది. ప్రతి అంకెకీ ఆమె గుండె ఒకసారి తేలికైంది, ఒకసారి కుంగింది. మిషను నిలకడగానే ఉంది. అంటే ఆమె పట్టీలు అబద్ధం చెప్పలేదు. అంటే ఆమె ఎవరినీ పడగొట్టలేదు, నిజంగానే ఆయన చెయ్యి పోయింది, ఆయనకి వయసైంది, బస్సులో ఆయన చూసింది కిటికీలోంచి చేలనే. ఎంత హాయి. ఇంటికి వెళ్ళి పడుకోవచ్చు.

“బానే ఉందండి, పాసయినట్టే” అని హర్ష వైరు చుట్టడం మొదలుపెట్టాడు.

ఇక్కడ ఎవరికీ ఏమీ తెలియదు. రాజారత్నం గారు రిటైరై వెళ్ళిపోయారు, ఆయన పేర్చిన పట్టీలు ఎప్పుడో ఊడ్చి పారేశారు, సామ్యేలు సమాధుల తోటలో ఉన్నాడు. ఆమె నోరు మెదపకపోతే ఈ సంగతి ఈ మధ్యాహ్నంతో పోతుంది. వైరు మూడు చుట్లు పడింది. ఆమె గోడ వైపు చూసింది, ఆ సన్నటి హోరు వైపు.

“బాబూ, ఇంకాసేపు ఆగుతారా?”

ఎందుకమ్మా అన్నాడతను.

“పడవలొచ్చే వేళయింది. పక్కన ఐసు కొట్టే మర వేస్తారు. అది తిరిగేటప్పుడు చూడాలి దీన్ని. మా ఆయన చెప్పేవారు.”

అతను బస్సు టైము చూసుకున్నాడు. ఆమె మొహం చూసి ఏమనుకున్నాడో, చుట్టిన వైరు విప్పాడు. ముగ్గురూ నిలబడ్డారు. ఎంతసేపని, చెప్పలేరు. ఈసారి కృపమ్మ చెవులు పెట్టి వింది. బయట లారీ ఆగింది, ఎవరో కేక వేశారు, ఇనప గొలుసు గలగలమంది, ఆ వెంటనే మర గరగరా మొదలై గోడ వణికింది. గదిలో బల్బు కళ తప్పింది, తెలిసీ తెలియనంత. ఆ అబ్బాయి నొక్కాడు. అంకె చూశాడు. మళ్ళీ నొక్కాడు, మళ్ళీ చూశాడు. పడిపోతోందండి, స్టెబిలైజరు ఎప్పుడో పోయినట్టుంది అని నాజ్నీన్‌తో అన్నాడు. తర్వాత కృపమ్మని అడిగాడు, మీ ఆయన ఇది ఎప్పుడు చెప్పారమ్మా అని.

“చాలా ఏళ్ళయింది బాబూ.”

“మరి ఎవరూ చూడలేదా?”

“చూశారు. నా పట్టీలు చూశారు.”

అతనికి ఒక్క క్షణం పట్టింది. అర్థమయ్యాక తల దించుకుని మీటరు సర్దుతున్నట్టు నటించాడు. అంత మర్యాద ఉన్న పిల్లాడు. కృపమ్మ బీరువా దగ్గరికి వెళ్ళి మెట్ల దిమ్మ తెచ్చి బల్ల మీద పెట్టింది. ఒక పట్టీ తియ్యమ్మా, మర తిరుగుతుండగానే తియ్యి అని నాజ్నీన్‌తో చెప్పింది. ఎందుకని ఆ పిల్ల అడగలేదు, తీసింది. తీసి, చేతికి ఉన్న వాచీ కృపమ్మ అడిగితే అదీ విప్పి ఇచ్చింది. చిన్న తలుపు మీద వేలితో ఒకసారి కొట్టి కేసెట్టు లోపలికి అందించింది.

లోపల ఎర్రదీపం వేసి, మేకుకి ఇంకా వేలాడుతున్న పాత పట్టీ తీసి జేబురుమాలులో చుట్టి పక్కన పెట్టింది కృపమ్మ. ఫిల్ము మందులో వేసింది. కళ్ళు అటు లాగాయి. ఇన్నేళ్ళ అలవాటు, చెయ్యి ఊపుతుంటే కళ్ళు చూడక ఊరుకోవు, ఆమె బలవంతాన మొహం గోడకి తిప్పుకుని వాచీ ముల్లు మీదే చూపు పెట్టింది. ఇంకాసేపు ఉంచితే తేలుతుందని ఆమెకి తెలుసు. మందు డబ్బా మీద రాసిన సమయం కాగానే తీసింది. గోడ అవతల మర ఇంకా తిరుగుతూనే ఉంది.

తడి ఓడుతున్న పట్టీని లైటు పెట్టె మీద పెడితే చారలు సగం దాకా వచ్చి ఆగిపోయాయి. మిగతాదంతా వెలవెలబోతూ ఉంది. ఆమె తెలిసి తెలిసి చీకటి గదిలోంచి బయటికి రానిచ్చిన మొదటి చెడ్డ ఫిల్ము అది. నాజ్నీన్ దగ్గరికొచ్చి చూసి, అయ్యో, తెల్లగా వచ్చింది ఆంటీ, ఇంకాసేపు ఉంచాల్సింది అంది.

“ఇది ఇలాగే రావాలమ్మా” అంది కృపమ్మ. అని, దాన్ని రెండు చేతులతో అంచులు పట్టుకుని, సామ్యేలు తన గుండె చూసుకున్న కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, ఆరేదాకా వెలుగుకి పట్టుకుని నిలబడింది.